చక్రవడ్డీ: మెట్టు మెట్టుగా

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉత్సవవేళ లెక్కల పాఠమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. గుడియాత్తంలో లుంగీల మగ్గానికి నూలు కొనవలెనన్నా, అగ్గిపెట్టెల పనితోనో బీడీల పనితోనో బ్రతికే ఇంట పెండ్లి చేయవలెనన్నా అప్పు తప్పని కుటుంబాలున్నవి. వేలూరులోనూ అంతే. నోటుపై వేలిముద్ర వేసేది పెద్దలైతే, అందులోని లెక్క చదివి చెప్పవలసినది బడికి వెళ్లే బిడ్డ.

ఈ పాఠాన్ని సూత్రంతో ఆరంభింపరాదని నా అభిప్రాయం. ముందు పద్దు వ్రాయించవలెను. అసలు 10,000 రూపాయలు, ఏటికి నూటికి 10, గడువు మూడేండ్లు. మొదటి ఏటి వడ్డీ 1,000. దానిని అసలులో కలిపితే 11,000. రెండవ ఏట అదే అసలు, వడ్డీ 1,100, మొత్తం 12,100. మూడవ ఏట వడ్డీ 1,210, తుదకు 13,310. బారువడ్డీ అయితే 13,000తో తీరిపోయెడిది.

ఆ 310 ఎక్కడిదని విద్యార్థినే అడగండి. మొదటి ఏటి వడ్డీ 1,000 పై రెండవ ఏట 100, మూడవ ఏట 100. రెండవ ఏటి వడ్డీ 1,100 పై మూడవ ఏట 110. వడ్డీకి వడ్డీ అంటే ఇదే. అప్పుడు, ప్రతి ఏడూ 1.1 చేత గుణించుచున్నామని వాడే కనుగొనును. సూత్రమనగా అంతకుమించి లేదు.

వడ్డీలెక్కలు మనకు క్రొత్త కావు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో అవి ఉన్నవి. ఆ గ్రంథాన్ని తెనిగించినవాడు పావులూరి మల్లన.

పిల్లలు తడబడేది మరొకచోట. పుస్తకంలోని రేటు ఏటికి. బజారులో “నూటికి రెండు” అంటే నెలకు, అనగా ఏటికి 24. పదివేలకు బారువడ్డీతో ఏడాదికి 12,400 అగును. నెలనెలా వడ్డీని అసలులో కలిపితే 12,682 దాటును. తేడా స్వల్పమే కదా అనిపించును. కాని బారువడ్డీతో అప్పు రెట్టింపగుటకు 50 నెలలు. చక్రవడ్డీతో 36 నెలలే.

తమిళనాడులో 2003లో వచ్చిన అధికవడ్డీ నిషేధచట్టం కందువడ్డీ, మీటర్ వడ్డీలను పేరుపెట్టి నిషేధించినది. అయినను సంతకానికి ముందే అడగవలసిన ప్రశ్న ఒకటి కలదు: “వడ్డీని ఎన్ని నెలలకొకసారి అసలులో కలుపుతారు?”