అంటువ్యాధి వేళ పిల్లలకు చెప్పవలసిన మాట
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున అంటువ్యాధి ప్రవేశించినపుడు మనము దండోరా వేయింతుము, వీధులలో బ్లీచింగు చల్లింతుము. ఆ దండోరాను అందరికంటె ముందు వినువారు, దాని వెంట పరుగెత్తువారు పిల్లలే. అయినను అందులో వారికొరకు ఒక్క మాటయు ఉండదు.

2020 మార్చిలో కోవిడ్ వలన బడులు మూతపడినవి. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ విధించిరి. తొమ్మిది, పది తరగతులవారికే ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న గాని, తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న గాని బడి తలుపులు తెరువలేదు. చిన్న తరగతులవారు ఇంకను వేచియుండిరి. బడిగంట, మధ్యాహ్న భోజనము, సాయంకాలపు ఆట, అమ్మమ్మగారి ఊరి ప్రయాణము ఒక్కసారిగ నిలిచిపోయినవి. పెద్దలకు వార్తలుండెను. పిల్లలకు మనము చెప్పినదేమి? "బయటికి పోతే చస్తావు" అని. అది బెదిరింపే గాని వివరణ కాదు.

ఉన్నమాట చెప్పవలెను. దగ్గు తుంపరల వలనను, గాలి వలనను ఆ వ్యాధి సోకుననియు, పిల్లలలో చాలమందికి స్వల్పముగనే వచ్చి పోవుననియు, ముసలివారికి ప్రమాదము హెచ్చనియు చెప్పినచో ఐదేండ్ల పిల్లవానికి గూడ బోధపడును. ముందుగ వానికేమి తెలియునో అడిగి వినుడు. "తాత చచ్చిపోతాడా?" అని అడిగినచో, పోడని ఒట్టు పెట్టకుడు. "డాక్టరుగారు చూస్తున్నారు, ఏ సంగతైనా నీకు చెపుతాము" అనుడు. అన్నమాట నిలుపుకొనుడు.

అన్నిటికంటె క్రూరమైనది వేరొకటి కలదు. వ్యాధి సోకిన ఇంటి పిల్లను తోటి పిల్లలు "కరోనా ఇల్లు" అని వెలివేసిరి. ఆ మాట వారు నేర్చినది మన అరుగుల మీదనే. ఆ ఇంటి ముందు కర్రలు కట్టించి దారి మూసినవారమును మనమే గదా! సభ్యులొకరు ఆ వాకిట దూరముగ నిలిచి, ఆ పిల్లను పేరు పెట్టి పలుకరించినచో వీధియంతయు చూచును.

బడి లేకున్నను నిద్ర లేచుటకు, చదువుకు, ఆటకు వేళలుండవలెను. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలో పాఠములు వచ్చినవి. అట్టి సమయమున టీవీ లేని ఇండ్ల పిల్లలను పంచాయతీ కార్యాలయమున దూరదూరముగ కూర్చుండబెట్టుట మనకు భారము కాదు.

వచ్చు వానకాలమున డెంగీయో, అతిసారమో తలయెత్తినచో, దండోరా మాటలు వ్రాయునపుడే అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను పిలిచి, పిల్లలకొరకు రెండు వాక్యములు చేర్పింపుడు. బడి తెరచు తేదీ తెలిసిననాడు ఆ వార్తను మొదట వారికే చాటింపుడు.