స్కాన్ చెప్పలేని సంగతి



ఈ రోజు డాక్టర్లవుతున్న మీ ఓపీకి త్వరలోనే ఒక తల్లి వస్తుంది. "వీడు ఒక్కచోట కుదురుగా కూర్చోడు డాక్టరు గారూ, స్కూల్లో రోజూ కంప్లయింట్లే. మెదడు స్కాన్ తీయిద్దామా?" అంటుంది.

ఇలా కుదురు లేకుండా, శ్రద్ధ నిలవకుండా ఉండే ఏడీహెచ్‌డీ పిల్లల మెదడులో తేడా ఉన్న మాట నిజమే. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం 223 మంది అలాంటి పిల్లలను అంతే మంది ఇతర పిల్లలతో పోల్చింది. మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే వయసు మిగతా పిల్లల్లో సుమారు 7.5 ఏళ్లయితే, వీళ్లలో 10.5 ఏళ్లు. అన్నిటికన్నా వెనకబడింది నుదుటి వెనుక ఉండే భాగం. తొందరపాటును ఆపేది అదే. కదలికలను నడిపే భాగం మాత్రం వీళ్లలో కాస్త ముందే ఎదిగింది! గుర్రం సిద్ధంగా ఉంది, కళ్లెమే ఇంకా చేతికి రాలేదు. ఈ ముక్క ఆ పిల్లాడి నాన్నకు తప్పకుండా చెప్పండి. కొడుకుది పొగరనుకుని కొట్టే నాన్నలు మన దగ్గర తక్కువేం లేరు.

అయితే ఇవన్నీ గుంపుల సగటులు. 2017లో 23 కేంద్రాల నుంచి మూడు వేలకు పైగా స్కాన్లు కలిపి చూశారు. మెదడు లోపలి భాగాలైన అమిగ్డాలా, కాడేట్ వంటివి ఈ పిల్లల్లో చిన్నవిగానే ఉన్నాయి కానీ, తేడా అతి స్వల్పం. పెద్దవాళ్లలో అదీ కనబడలేదు. ఒక్క పిల్లాడి ఫిల్ము పట్టుకుని ఏడీహెచ్‌డీ ఉందనో లేదనో తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఫిల్ము చెప్పలేనిది పిల్లాడిని రోజూ చూసేవాళ్లు చెబుతారు. 1930లలో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు పిల్లల మెదడు చూడాలని వెన్నునీరు తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవాడు. దాంతో వచ్చే తలనొప్పికి బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చాడు. నొప్పి పెద్దగా తగ్గలేదు గానీ, కొందరు పిల్లలు శ్రద్ధగా చదవసాగారు. ఆ మార్పు గమనించింది వాళ్ల టీచర్లు. ఏడీహెచ్‌డీ మందుల కథ అక్కడే మొదలైంది.

ఓపీలో ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయో నాకు తెలియనిది కాదు. అయినా అడుగుతున్నాను. ఫిట్స్ లాంటి వేరే కారణం ఉంటే స్కాన్ రాయండి. లేకపోతే ఆ తల్లిని కూర్చోబెట్టి ఇంట్లో ఎలా ఉంటాడో, ఎప్పటినుంచో, నిద్ర, వినికిడి ఎలా ఉన్నాయో అడగండి. టీచరుకు మీరే ఫోన్ చేయండి.