పాస్ శాతంలో కనిపించని పిల్లలు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ!

మార్కాపురం పలక మీద దేశంలో ఎందరో అక్షరాలు దిద్దారు. ఆ పక్కనే పెద్దదోర్నాల, యర్రగొండపాలెం గూడేల్లో పలక పట్టిన మన పిల్లలందరూ పదో తరగతి దాకా రావడం లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, గిరిజనులది 49.

మా హాస్టళ్ళలో చెంచు, సుగాలి, ఎరుకల, యానాది పిల్లలు ఒకే బంతిలో తింటారు. ఫలితాల రోజు అందరూ అడిగేది పాస్ శాతమే. పదిమంది రాసి తొమ్మిదిమంది పాసైతే 90 శాతమని స్వీట్లు పంచుతాం. ఒకటో తరగతిలో చేరింది ఇరవైమందైతే? అప్పుడది 45. మిగతావాళ్ళు ఫెయిలవలేదు. అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయి, మళ్ళీ బడికి రాలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళిన పిల్ల తిరిగి రాకపోతే, రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసి ఊరుకున్న రోజులు మాకూ ఉన్నాయి. అది మా తప్పే. ఇప్పుడు మూడో రోజుకే గూడేనికి వెళుతున్నాం.

మీరు చేయాల్సింది ఒకటే. మీ గూడెంలో, తండాలో బడి మానిన పిల్లల పేర్లు రాసి మాకు తెచ్చివ్వండి. పద్నాలుగేళ్ళ లోపు వారిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 2010 నుంచి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఎవరైనా కాదంటే మీతో పాటు మేమూ వస్తాం.

సెలవు.