గురి తప్పిన కెమెరా

పెండ్లికూతురి కన్నులు మసకగాను, చెవి జూకాలు మాత్రము స్పష్టముగాను వచ్చిన చిత్రమును చూచి, తీసినవాని చేయి వణికినదనుట పరిపాటి. కాని వణుకు బొమ్మనంతటిని చెరుపును. ఒకచోట చెడి వేరొకచోట కుదిరినచో, అనుమానింపవలసినది ఫోకసును. ఫోకసు కుదిరిన పిదప మనిషి కొంచెము కదలినను ఇట్లే యగును గనుక, ఒక్క చిత్రముతో తీర్పు చెప్పరాదు. పదింటిలో ఎనిమిది ఒకే వైపునకు తప్పినప్పుడే కెమెరాను పరీక్షింపవలెను.

అద్దముగల డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో ఈ దోషమునకు మూలము నిర్మాణములోనే యున్నది. లెన్సు గుండా వచ్చిన వెలుతురులో కొంత పెద్ద అద్దమును దాటి, దాని వెనుకనున్న చిన్న అద్దముపై బడి, అడుగుననున్న ఫోకసు సెన్సారును చేరును. బొమ్మ పడునది వేరొక సెన్సారుమీద. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా యున్నను గురి ముందునకో వెనుకకో జరుగును. మిర్రర్‌లెస్ కెమెరాలలో బొమ్మ పడు సెన్సారే ఫోకసును కూడ చూచుకొనును గనుక వానికి ఈ తగవు దాదాపు లేదు.

2007లో వచ్చిన కెనాన్ 1డి మార్క్ 3, నికాన్ డి3, డి300 వంటి కెమెరాలలో దీనిని ఇంటివద్దనే దిద్దుకొను వసతి కలదు. కెనాన్ దానిని మైక్రో అడ్జస్ట్‌మెంట్ అనును, నికాన్ ఫైన్ ట్యూన్ అనును. తక్కువ వెల కెమెరాలలో చాలవానికి ఇది లేదు. వానిని సర్వీసు కేంద్రమునకు పంపవలసినదే.

వెలుతురు బాగుగాగల వరండా చాలును. అచ్చుకాగితమునొకదానిని అట్టకంటించి నిటారుగా నిలుపుదము. దాని ప్రక్కన, బట్టల దుకాణములో వాడు మీటరు బద్దను ఏటవాలుగా, నడిమి గీత అట్టకు సరిగా వచ్చునట్లు ఉంచుదము. కొందరు బద్దమీదనే ఫోకసు చేయుదురు. ఏ గీతను కెమెరా పట్టినదో తెలియదు గనుక, మా అభిప్రాయములో ఆ పరీక్ష వ్యర్థము. అట్టమీదనే గురి పెట్టవలెను.

కెమెరాను మూడుకాళ్ల స్టాండుపై నిలిపి, ఫోకల్ దూరమునకు సుమారు యాభై రెట్లు ఎడముంచుదము. 50 మిల్లీమీటర్ల లెన్సుకు అది రెండున్నర మీటర్లు. అపర్చరు పూర్తిగా తెరచి, నడిమి ఫోకసు బిందువుతో, టైమరు పెట్టి తీయుదము. ప్రతిసారియు లెన్సును ముందుగా అనంత దూరమునకు త్రిప్పవలెను. ఇట్లు ఐదారు చిత్రములు తీసి, లైవ్ వ్యూలో తీసినదానితో పోల్చుదము. లైవ్ వ్యూలో ఫోకసును చూచునది బొమ్మ పడు సెన్సారే గనుక అదియే గీటురాయి. అదియు మసకగా నున్నచో లోపము మరియొకచోట నున్నది. సవరణ జోలికి పోరాదు.

గురి కెమెరావైపు పడినచో ధనసంఖ్య, అట్ట వెనుకకు పడినచో ఋణసంఖ్య ఈయవలెను. పై రెండు సంస్థల కెమెరాలలోను ఇరువైపుల ఇరువదేసి మెట్లు కలవు. మొదట ఐదు మెట్లు, పిదప ఒకటి రెండు చొప్పున జరిపి, ప్రతి మార్పునకు మరల తీసి చూతము. ఒక లెన్సుకు చేసినది వేరొకదానికి పనికిరాదు. జూము లెన్సునైతే రెండు కొసలయందును చూడవలెను. ఇరువది మెట్లకును లొంగనిదానిని నిపుణునికి అప్పగించుట మేలు. సవరణ నచ్చనిచో మెనూలో దానిని ఆపినంతనే కెమెరా పూర్వస్థితికి వచ్చును.