కార్వాన్ దారిలో గేర్లు లేని సైకిల్

హైదరాబాద్ కార్వాన్‌లో పనికి వెళ్లే ఆడవాళ్లకు గేర్లు లేని మామూలు లేడీస్ సైకిల్ మంచి తోడు. అడ్డకడ్డీ ఉండదు కాబట్టి చీరకట్టుతోనూ ఎక్కవచ్చు. మరమ్మతులూ తక్కువే. మూసీ ఒడ్డున పురానాపూల్ నుంచి గోల్కొండ వైపు ఎత్తెక్కేటప్పుడు మాత్రం కాళ్లకు శ్రమే. దిగి నడిపించుకెళ్లండి, తప్పేం లేదు.

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ సంగతి వేరు. అందులో ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. చున్నీయో బుర్ఖా అంచో గొలుసులో చిక్కితే పెడళ్లను వెంటనే ఆపడం కష్టం. కార్వాన్ రద్దీలో అది వద్దంటాను.

ఇక దారుల సంగతికొస్తే, 2023లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ వచ్చింది. కార్వాన్ మహిళకు కావాల్సింది మాత్రం ఇంటిముందు రోడ్డు మీద వెలుగు, కాస్త చోటు. అక్కల్లారా, నిండు చైన్‌కవరు, రెండు బ్రేకులు ఉన్న సైకిలే కొనండి.