మందుబిళ్ల వెనుక మనవాడు



దోహాలో మనం కలిసినప్పుడల్లా ఆటపాటలతోపాటు నాలుగు మంచిమాటలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఈనాడు మన శరీరాన్ని కాపాడే కణాల కథ, అందులో మన తెలుగువాని పాత్ర చెప్పుకుందాం.

1882లో ఇటలీలోని మెస్సీనా రేవుపట్టణంలో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగాయి. మన రక్తంలోని తెల్లకణాలూ అలాంటి కావలివాళ్లేనని ఆయన చాటాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అయితే ఆ కావలివాళ్లే అదుపు తప్పితే? ఇంటివాళ్లమీదనే తిరగబడితే? అందుకు పగ్గం వేసినవారిలో ముఖ్యులు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే ప్రేగుల జబ్బు ఆయన సోదరులను పొట్టన పెట్టుకుంది. 1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదువు సాగించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది.

కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి దాని దారికి అడ్డుపడే పదార్థం చేస్తే? అలా పుట్టిందే అమినోప్టెరిన్. డాక్టర్ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ పిల్లలకు ఇవ్వగా, కొందరికి జబ్బు కొంతకాలం వెనుకంజ వేసిందని 1948లో లోకానికి తెలిసింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. క్యాన్సర్ కోసం వచ్చిన ఆ మందే, వారానికొకసారి స్వల్ప మోతాదులో, తిరగబడిన రక్షకకణాలను శాంతింపజేసి నేటికీ కీళ్లవాత రోగులను నడిపిస్తున్నది.

మన గోదావరి జిల్లాల బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా 1947లో ఆయన బృందం ఇచ్చినదే. అది క్రిములను మన రక్షకకణాలకు పట్టుబడేలా చేస్తుందని తరువాతి పరిశోధనలు సూచించాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. ఆయన అమెరికా పౌరుడు కాలేదు. స్వదేశం తిరిగి చూడనూలేదు. పుట్టినగడ్డ ఒకటి, పనిచేసేచోటు ఒకటి అయిన మనకు ఆ బ్రతుకు పరాయిది కాదు.

మందు డబ్బామీద ఆయన పేరుండదు. అందుకే ఆ పేరు మన ఇళ్లలో వినబడాలి. బిడ్డలారా! భీమవరం ఎక్కడుందని మిమ్మల్ని ఎవరైనా అడిగితే, ప్రపంచంలోని ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉందని చెప్పండి.