మొదటి ఆట మన వీధిలోనే

నన్ను పరిచయం చేసినవారు చెప్పినదాంట్లో సగం నిజం, సగం మర్యాద. రెండింటికీ కృతజ్ఞతలు. పట్టాలు అందుకోవడానికి వేసుకున్న ఈ గౌన్లలో మీకెంత ఉక్కగా ఉందో నాకూ అంతే ఉక్కగా ఉంది కాబట్టి లాంఛనాలు ఇక్కడితో ముగించి పని మాటలకొస్తాను.

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం దాకా నడిచేలోపు ఈ చేతిలో నాలుగు, ఆ చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. అన్నిట్లోనూ కంప్యూటరు కోర్సులే, అన్నిట్లోనూ ఉద్యోగం గ్యారంటీ. డాక్యుమెంటరీ నేర్పిస్తామన్న కరపత్రం ఇంతవరకూ నాకెవరూ ఇవ్వలేదు. ఆ కరపత్రాల వానలో తడుస్తూ రోజూ కాలేజీకి వచ్చి కూడా మీరు ఈ చదువే చదివారు. మీ ధైర్యం సరే, ఫీజు కట్టిన మీ నాన్నల ధైర్యానికి నా నమస్కారం. మా కాలంలో డాక్యుమెంటరీ అంటే అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్లది ఒకటి వేసేవారు. జనం బయట బీడీ కాల్చుకుని తీరిగ్గా లోపలికి రావడానికి అదొక వెసులుబాటు. అలాంటి వృత్తిలోకి నేను వస్తానంటే మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. మీ ఇళ్లలో ఆ వారం ఎప్పుడో గడిచిపోయిందనుకుంటాను.

నాకు సినిమా పాఠం మొదట చెప్పింది సైకిలు. మాది మధిర దగ్గర. పండక్కి కొత్త సినిమా వస్తే మా ఊరి టాకీసుకూ, మూడు మైళ్ల అవతలి టూరింగు టాకీసుకూ కలిపి ఒకటే ప్రింటు. ఇక్కడ రీళ్లు ఆడగానే ఆపరేటరు వాటిని తిరగచుట్టి రేకుడబ్బాల్లో పెట్టేవాడు. ఆ డబ్బాలను క్యారియరు మీద పాత ట్యూబుతో బిగించి అవతలి ఊరికి చేర్చడం సెలవుల్లో మా ఇద్దరు కుర్రాళ్ల పని. ఒకడు వెళ్తుంటే ఒకడు వస్తుండాలి. వెయ్యి అడుగుల రీలంటే తెర మీద పదకొండు నిమిషాలు. దారిలో చైను ఊడిందా, అక్కడ కథ ఆగిపోయేది. హీరోయిను నూతిగట్టెక్కిన చోట రీలు అయిపోతే, ఆమె దూకిందో లేదో మేం వెళ్లేదాకా ఎవరికీ తెలియదు. డేరాలోంచి ఈలలు పొలాల్లోకి వినపడేవి. డబ్బా దించగానే ఆపరేటరు బూతులు, జనం చప్పట్లు. ఆ సినిమాల్లో సగం పేర్లు ఇప్పుడు గుర్తు లేవు గానీ, జనం ముందుకు చేరనంతసేపూ అది సినిమా కాదు, క్యారియరు మీద బరువేనని మాత్రం అప్పుడే అర్థమైంది.

తర్వాత హైదరాబాదొచ్చాను. ఇక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో సారథి స్టూడియోస్ ఉంది. తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈ ఊళ్లో కట్టిన స్టూడియో. ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది ఇక్కడి నుంచే. అక్కడి చిన్న ప్రివ్యూ థియేటర్లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వాళ్లు దేశదేశాల సినిమాలు వేసేవారు. డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ నేను చూసింది అక్కడే. సైకిలు పోతే ఉద్యోగం పోతుందని తండ్రీ కొడుకులు రోము వీధులన్నీ తిరుగుతుంటే, బయట గోడకు చేరేసి వచ్చిన నా సైకిలుకు తాళం వేశానో లేదోనని సగం సినిమా చూడలేకపోయాను. అదే సినిమా 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వచ్చింది. దాన్ని చూసిన బిమల్ రాయ్ ఆ మరుసటి ఏడాదే ‘దో బీఘా జమీన్’ తీశాడు. పొలం నిలబెట్టుకోవడానికి కలకత్తాలో రిక్షా లాగిన రైతు కథ. కాబట్టి, ముందు ముందు ఏమన్నా, ఫెస్టివల్ అంటే నాకు చిన్నచూపు ఉందనుకోకండి. ఒక ఊరి బాధ ఇంకో ఊరివాడికి పని అప్పజెప్పేది అక్కడే.

సైకిళ్ల సినిమాలకే ప్రత్యేకంగా ఒక ఫెస్టివల్ ఉంది. న్యూయార్క్‌లో బ్రెంట్ బార్బర్ అనే ఆయన సైకిల్ మీద పోతుంటే బస్సు గుద్దింది. మనమైతే బస్సు డ్రైవరును తిట్టి, కట్టు కట్టించుకుని ఇంటికి పోతాం. ఆయన 2001లో బైసికిల్ ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టాడు. అది ఆ తర్వాత ఊళ్లూ దేశాలూ తిరిగింది. స్వీడన్‌కు చెందిన ఫ్రెడ్రిక్ గెర్టెన్ 2015లో ‘బైక్స్ వర్సెస్ కార్స్’ తీశాడు. సావో పాలోలో, లాస్ ఏంజిలిస్‌లో కార్ల మధ్య సైకిలు తొక్కేవాళ్ల బతుకు అందులో ఉంది. సౌదీలో హైఫా అల్ మన్సూర్ సైకిలు కావాలని పంతం పట్టిన ఓ పిల్ల కథతో 2012లో ‘వజ్దా’ తీసింది. ఆడమనిషి వీధిలో మగవాళ్లకు పని చెప్పడం కుదరని చోట, వ్యానులో కూర్చుని వాకీటాకీలో డైరెక్షన్ చేసింది. పర్మిషన్ రాలేదని, లైటు పోయిందని డిప్లమో సినిమా ఆలస్యం చేసినవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ఉన్నారని నాకు తెలుసు, మీ మాస్టార్లు చెప్పారు.

ఇక నా బెంగ. ఇది చెప్పకుండా నేను వేదిక దిగను.

ఈమధ్య కుర్రాళ్లిద్దరు ఒక సినిమా పట్టుకొచ్చారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల వీధుల్లో తెల్లవారుజామున సైకిలు మీద టీ అమ్మే ఒకాయన మీద తీసింది. వెనక క్యారియరు మీద కుళాయి ఉన్న స్టీలు డబ్బా, హ్యాండిలుకు ఒకవైపు కాగితం కప్పుల సంచి, ఇంకోవైపు బిస్కెట్ల డబ్బా. చక్కగా తీశారు. పోస్టరు నిండా ఫెస్టివల్‌కు ఎంపికైన గుర్తుగా వేసే ఆకులదండలే. ‘ఆయన చూశాడా?’ అనడిగాను. ‘లింకు పంపాం సార్’ అన్నారు. ఏ ఫోనుకు పంపార్రా నాయనా? ఆయన జేబులో ఉన్నది బటన్ల ఫోను! ఆయన చేతి టీ తాగుతూ ఆయన్ను మూడు నెలలు షూట్ చేసి, సినిమా మాత్రం సముద్రాల అవతల జ్యూరీకి చూపించి, ఆయనకు లింకు పంపారు.

తిట్టాను. తిట్టి, దగ్గరుండి వేయించాను. హాస్టలు మేడ మీద దుప్పటి కట్టి, పక్కింటి నుంచి ప్రొజెక్టరు తెచ్చి. మెస్సులో వంటవాళ్లు, వాచ్‌మన్లు, పేపరు వేసే పిల్లలు, జాబు కోసం తిరిగే హాస్టలు కుర్రాళ్లు వచ్చారు. టీ ఆయన భార్యనూ తీసుకొచ్చాడు. సినిమా అయ్యాక ఎలా ఉందని అడిగితే కాసేపు ఆలోచించి, ‘బాగుంది బాబూ, కానీ నా గొంతేదీ?’ అన్నాడు. మన వీరులు ఆ తెల్లవారుజాము మీద వయొలిన్ పరిచేశారు. ‘గిరాకీ నన్ను చూసి దిగరు బాబూ. నాలుగో అంతస్తులో ఉన్నోళ్లకు నేను కనపడతానా? నా అరుపు విని దిగుతారు’ అన్నాడు. ఏ జ్యూరీ ఈ మాట అనలేదు. అనలేదు, ఎందుకంటే వాళ్లెవరూ నాలుగో అంతస్తు నుంచి ఆ టీ కోసం దిగలేదు. కుర్రాళ్లు వయొలిన్ తీసేసి అరుపు పెట్టారు. ఇప్పుడది సినిమా.

ఈ బెంగ నాకు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒక సంస్థ కోసం కూకట్‌పల్లి నాలా మీద సినిమా తీశాను. ఫతేనగర్, బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలా. వెంట ఉన్న బస్తీల్లో వానొచ్చిన రాత్రి మంచాల మీద పిల్లల్నెక్కించి కూర్చున్న తల్లులు కెమెరా ముందు గంటల తరబడి మాట్లాడారు. టేపు ఆ సంస్థ బీరువాలోకి వెళ్లింది, మళ్లీ రాలేదు. నేను అటుగా పోతే ఇప్పటికీ ఒకావిడ ‘మా సినిమా ఎప్పుడేస్తరు సారూ?’ అని అడుగుతుంది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే మీ నెత్తిన ఎక్కి కూర్చుంటున్నాను.

ఈ పని సరిగ్గా ఎలా చేయాలో చూడాలంటే న్యూయార్కు పోనక్కర్లేదు. జహీరాబాద్ బస్సెక్కండి. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడైన పి.వి. సతీష్ టీవీ కార్యక్రమాలు తీసిన మనిషి. 2023లో పోయారు. అక్కడి దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వస్తే, ఆ మొదటి పంట వరంగల్ రైతులకు ఏం మిగిల్చిందో పొలాల వెంట తిరిగి సినిమా తీశారు. అది విదేశాల్లోనూ ఆడింది. 2008లో సొంతంగా సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. కెమెరా ఎత్తును ఆ ఆడవాళ్లు కొలిచిన తీరు ఏ ఫిల్ము స్కూల్లోనూ దొరకదు. పైనుంచి మనుషుల్ని కిందికి చూస్తే అది పటేల్ షాటు, అంటే భూస్వామి చూపు. కంటి ఎత్తున చూస్తే సంఘం షాటు, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు.

ఇప్పుడు పర్యావరణం మీద, సైకిళ్ల మీద మీరు తీసిన డిప్లమో సినిమాల సంగతికొస్తాను. పర్యావరణం అనగానే డ్రోను లేపారు. చెరువు మీద డ్రోను, చెత్తగుట్ట మీద డ్రోను, ఆఖరికి సైకిళ్ల మీద కూడా డ్రోనే. పస్తాపూర్ ఆడవాళ్లు చూస్తే ఏమంటారు? ఇంత పెద్ద పటేలు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడే అంటారు. పైనుంచి చూస్తే నాలా వెండితీగలా మెరుస్తుంది తల్లీ, కంపు రాదు. సైకిలెక్కి దాని గట్టు వెంట ఒక్కరోజు పోండి. ఎక్కడ నురగ పట్టిందో, ఎక్కడ గోడ కూలిందో, ఎవరి కిటికీకి ఎప్పుడూ రెక్కలు మూసే ఉంటాయో తెలుస్తుంది. కారులో పోతే ఇవేవీ కనపడవు. సైకిలు మీద పోయేవాణ్ని ఆపి ‘ఎవరు కావాలి?’ అని అడుగుతారు. సినిమా ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

ఇంకోటి. మీ సైకిల్ సినిమాల్లో ఉన్నవాళ్లంతా ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సోలార్ ట్రాక్ మీదివాళ్లే. 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల ట్రాక్, పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు, కింద నీడ. మంచిదే, నేనూ వెళ్లాను. కానీ అక్కడికి కారు మీద సైకిలు కట్టుకుని వస్తారు చూడండి, ఆ దృశ్యం ఒక్కరూ తీయలేదేమర్రా? నవ్వు కోసం కాదు, నిజం కోసం. ఎస్.ఆర్. నగర్ నుంచి అక్కడిదాకా సైకిలు తొక్కి ప్రాణాలతో చేరడం ఎంత కష్టమో ఆ ఒక్క షాటు చెప్పేది. మెట్రో వచ్చిన కొత్తలో కొన్ని స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు. వాటిని తొక్కడానికి రోడ్డు మీద జాగా మాత్రం ఎవరూ పెట్టలేదు. రాత్రి డ్యూటీ దిగి పంజాగుట్ట చౌరస్తాలో బస్సుల మధ్య నుంచి పోయే వాచ్‌మన్, ముందు రంగుడబ్బాలు వెనక నిచ్చెన కట్టుకున్న పెయింటరు ఏ ట్రాకూ లేకుండానే తొక్కుతున్నారు. పర్యావరణాన్ని కాపాడాలని కాదు, బస్సు చార్జీ మిగలాలని. వాళ్ల పొదుపు వల్లే మన గాలికి ఆ కాస్త మేలు. మీ సినిమాలో వాళ్లకు చోటుండాలి. ఆ సినిమా చూసేవాళ్లలోనూ వాళ్లుండాలి.

కొన్ని చిల్లర బుద్ధులు చెప్పి ముగిస్తాను. కెమెరా కోసం అప్పు చేయకండి, మంచి మైకు కోసం చేసినా ఫరవాలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసే ఓపిక ఉన్నవాళ్లు హిందీ మాట్లాడే వాచ్‌మన్‌కు తెలుగు ముక్క అర్థమయ్యేలా హిందీవి కూడా వేయండి. ఇరవై, ముప్పై డాలర్ల ఎంట్రీ ఫీజులు కట్టి కనపడ్డ ఫెస్టివల్‌కల్లా పంపకండి. రెండు ఫీజులు ఆపితే ఒక సాయంత్రానికి ప్రొజెక్టరు అద్దెకొస్తుంది. ఏడుపు సంగీతం తగ్గించండి. అమ్మకు ఫోను చేయండి. ఫెస్టివల్‌కు తప్పకుండా వెళ్లండి, వెళ్లి అక్కడ మీ సినిమా మాత్రమే చూసుకుని వచ్చేయకండి, మిగతావాళ్లవీ చూడండి.

అన్నిటికంటే ముందు, ఎక్కడ తీస్తే అక్కడ మొదటి ఆట వేయండి. తిట్టేవాళ్లుంటారు. ‘నా గొంతేదీ’ అనేవాళ్లుంటారు. ఒక్కోసారి కరెంటు పోతుంది. ఆ ఆట అయ్యాక రీకట్ చేసుకుని అప్పుడు కాన్స్‌కు పంపుతారో కాకినాడకు పంపుతారో మీ ఇష్టం. ఆ మొదటి ఆటకు నన్నూ పిలవండి. ముఖ్య అతిథిగా అక్కర్లేదు, శాలువాలు ఇంట్లో బోలెడున్నాయి. కుర్చీలు మేడెక్కించడానికి మనిషి తక్కువైతే పిలవండి, వస్తాను.